కొండెక్కిన పాప: హైడీ మొదటి భాగం చూసినాక



ఈసారి పోస్టులో బుడ్డల రేటు లేదు, పురుగు మందు సంగతి లేదు. వాన పడి మూడు రోజులు చేనులో కాలు పెట్టేదానికి కాలేదు కదా, ఆ మూడు రోజుల్లో ఒక రాత్రి మా పాప ఫోన్లో ఒక పాత జపాన్ బొమ్మల సీరియల్ మొదటి భాగం చూపించింది. దాని గురించి రాస్తున్నా. బొమ్మల సీరియల్‌తో రైతుకేం పని అని నవ్వేవాళ్ళు నవ్వండి, ఫరవాలేదు. జీవాలు ఉన్నవాళ్ళు, పిల్లల్ని ఊర్లో పెట్టి బెంగళూరుకు కూలికి పోయొచ్చినవాళ్ళు మాత్రం కొంచెం ఓపిక చేసుకొని చదవండి.

సీరియల్ పేరు హైడీ. ఆల్ప్స్ కొండల్లో పెరిగే ఒక ఆడపిల్ల కథ. జపాన్‌లో 1974 జనవరి 6న మొదటి భాగం వేసినారు. ఆదివారానికి ఒకటి లెక్కన 52 భాగాలు, అదే ఏడాది డిసెంబరు 29కి అయిపోయింది. అంటే నేను పుట్టకముందు సంగతి. మనవాళ్ళు జపాన్ బొమ్మలంటే కత్తులు, రాక్షసులు, జుట్టు నిక్కబొడుచుకున్న పిల్లోళ్ళు అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నా. కాని మనకు ఈ జపాన్ బొమ్మలు కొత్త కాదు. 1993 ప్రాంతంలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ వచ్చేది, గుర్తుందా? ఊర్లో ఒక్క టీవీ, దాని ముందర ముప్పై మంది పిల్లోళ్ళం, హిందీ ముక్క అర్థం కాకపోయినా నోరు తెరుచుకొని చూసేవాళ్ళం. అది కూడా జపాన్‌వాళ్ళు తీసిందే. మోగ్లీ తీసిన కంపెనీకి, హైడీ తీసిన కంపెనీకి చుట్టరికం ఉంది. హైడీకి పని చేసినవాళ్ళే 1975లో బయటికొచ్చి ఆ కంపెనీ పెట్టుకున్నారు.

కథ మాత్రం జపాన్‌ది కాదు. స్విట్జర్లాండ్ దేశంలో యోహానా స్పిరి అనే ఆమె 1880లో రాసిన నవల. మా పాప బడి లైబ్రరీలో దాని ఇంగ్లీషు పుస్తకం చదివింది. అందుకే సీరియల్ వెతికి పట్టుకుంది. మాటలు జపాన్ భాష, కింద ఇంగ్లీషులో అక్షరాలు పడుతుంటాయి. పాప చదివి చెప్తుంటే నేను విన్నా. మా ఇంటామె పక్కన కూర్చొని విత్తనానికి బుడ్డలు ఒలుస్తా ఒక కన్ను ఇటు వేసింది.

మొదలు కాగానే ఒక పాట. అందులో ఈ పాప ఉయ్యాల ఊగుతుంటుంది. తాళ్ళు పైకి పోతానే ఉంటాయి, ఏ చెట్టుకు కట్టినారో, ఏ దూలానికి కట్టినారో కనిపించదు. ఉయ్యాల ఊగితే కింద ఊరు, చర్చి అన్నీ అగ్గిపెట్టెలంత కనిపిస్తాయి. ఆకాశానికే కట్టినారేమో! మా ఇంటామె "ఆ తాడు తెగితే ఏం గతి" అనింది. అంతే, పాటంతా ఆమెకు అదే దిగులు.

ఇక కథ. 25 నిమిషాల్లో జరిగేది ఎంతో తెలుసా? ఒక ఆడమనిషి అయిదేళ్ళ పాపను వెంటబెట్టుకొని మైయెన్‌ఫెల్డ్ అనే చిన్న టౌను నుంచి కొండ మీద ఉండే ముసలాయన గుడిసెదాకా నడిచిపోతుంది. పాపను అప్పజెప్తుంది. దిగిపోతుంది. అంతే. ఒక ఫైటు లేదు, ఒక దొంగ లేడు. మన టీవీ సీరియల్‌వాళ్ళకు ఇస్తే ఈ నడకను రెండు నిమిషాల్లో లేపేసి, మిగతా ఇరవై నిమిషాలు గుడిసె ముందర ఏడుపు పెట్టిస్తారు. వీళ్ళు నడకనే చూపించినారు. ఆ నడక చూస్తుంటే నాకు టైము తెలియలేదు.

ఆ ఆడమనిషి పేరు డేటే. పాపకు అమ్మ చెల్లెలు, చిన్నమ్మ అన్నమాట. పాప పేరు హైడీ. తల్లీ తండ్రీ లేరు. పాప ఏడాది పిల్లగా ఉన్నప్పుడే ఇద్దరూ పోయినారు. అప్పటినుంచి ఈ చిన్నమ్మే సాకింది. ఇప్పుడు ఆమెకు జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ పట్నంలో మంచి పని దొరికింది. పిల్లను వెంట పెట్టుకొని ఆ పనికి పోయేదానికి లేదు. కాబట్టి పాప నాయనకు నాయన, అంటే మన వైపు అబ్బ అంటామే, ఆయన దగ్గర వదిలేసి పోదామని తీసుకొస్తా ఉంది.

మొదట నా కంట్లో పడింది పాప బట్టలు. ఎండాకాలం, ఎండ బాగా కాస్తుంటుంది. పాప మాత్రం గౌను మీద గౌను వేసుకొని, పైన ఎర్ర శాలువ చుట్టుకొని, కాళ్ళకు బరువు బూట్లు వేసుకొని, మూటలాగ నడుస్తుంటుంది. ఎందుకంటే, ఉన్న బట్టలన్నీ పాప ఒంటికే తగిలిస్తే చిన్నమ్మకు మోసే పని తప్పుతుంది. ఇది చూసి నేను నవ్వలేకపోయినా. బస్సుల్లో వలస కూలీలను చూసినవాళ్ళకు ఇది తెలుసు. సంచిలో చోటు లేనప్పుడు పిల్లోళ్ళకు రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి తొడుగుతారు. ఆ పాప మొహం ఎండకు ఎర్రగా కంది, చెమట కారుతుంటే, చిన్నమ్మ ఇంకా గబగబ నడువమంటుంటుంది.

దారిలో డొర్ఫ్లి అనే ఊరు. వాళ్ళ భాషలో ఆ మాటకు చిన్న ఊరు అనే అర్థమట, మన చిన్నపల్లి ఉన్నట్టు. అక్కడ డేటేకు తెలిసిన ఆమె ఒకామె కలుస్తుంది. పాపను ఆ ముసలాయన దగ్గర వదులుతావా, నీకేమన్నా మతి ఉందా అన్నట్టు మాట్లాడుతుంది. ఆ ముసలాయన అంటే ఊరంతా భయం. ఎవరితో మాట్లాడడు, చర్చికి రాడు, కొండ మీద ఒంటరిగా ఉంటాడు. కారణం నవల్లో ఉందని పాప చెప్పింది. ఆయన వయసులో ఉన్నప్పుడు పెద్ద రైతు బిడ్డ. ఆ పక్కల్లోనే మంచి సేద్యం వాళ్ళది. తాగుడుకు, జూదానికి మొత్తం పోగొట్టినాడు. తల్లీ తండ్రీ ఆ దిగులుతోనే పోయినారు. ఆయన ఊరు విడిచి సైన్యంలోకి పోయి, ఏండ్ల తర్వాత ఒక కొడుకును పట్టుకొని తిరిగొచ్చినాడు. ఆ కొడుకు కూతురే ఈ హైడీ. కొడుకు దూలం మీద పడి చచ్చిపోయినాక ఆయన ఇక ఊర్లో కూడా ఉండలేదు, కొండెక్కినాడు.

భూమి పోగొట్టుకున్న మనిషిని ఊరు ఎట్లా చూస్తుందో ఆ దేశం ఈ దేశం అని లేదు. మా ఊర్లో పేకాటలో ఎకరాలు పోగొట్టినోళ్ళను నేను చూసినా. నేను పేకముక్క పట్టలేదు గాని నాలుగు బోర్లు వేయించినా. ఒకటి నాలుగు వందల అడుగులు, ఒకటి ఆరు వందలు, మిగతావి చెప్పుకుంటే నాకే సిగ్గు. ముక్క తిరిగితే నీళ్ళు, తిరగకపోతే దుమ్ము. జూదం అని ఎవరూ అనరు, సేద్యం అంటారు, అంతే తేడా. ఆ కథ మళ్ళీ చెప్తా.

ఇప్పుడు మేకలు. ఇదే అసలు ముచ్చట.

పీటర్ అని పదకొండేళ్ళ పిల్లోడు ఉంటాడు. ఊర్లో ఇంటింటి మేకలన్నీ వాడే తోలుకుపోతాడు. పొద్దున అందరి మేకలూ ఒక చోట చేర్చి కొండ మీద మేతకు తోలతాడు, సాయంత్రం దించుకొస్తే ఎవరి మేకలు వాళ్ళు పట్టుకుపోతారు. మన ఊర్లలో కూడా ఉండేది కదా, ఊరిమంద. ఇంటికి ఇంత అని గింజలిచ్చి ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళం. మా నాయన చిన్నప్పుడు ఆ పనే చేసినాడు. ఆల్మ్ అంటే ఆ కొండల పైన ఉండే మేత భూమి. చలికాలమంతా మంచు కప్పేసి, ఎండాకాలం మాత్రమే పచ్చగా ఉంటుంది. అందుకని ఎండాకాలం జీవాలు పైకి, చలికి కిందికి. మనకు తిరకాసు. ఎండాకాలమే గడ్డి ఉండదు కాబట్టి మన గొర్రెలోళ్ళు మందలు తోలుకొని నీళ్ళ పారకం ఉన్న పొలాల వైపు పోతారు. కారణం వేరు, కాళ్ళు అరిగేది ఒకటే.

మేకల బొమ్మలు బాగా గీసినారు. ఇది నా మాట కాదు, మా నాయన మాట, ఆయన సంగతి తర్వాత వస్తుంది. మేక నడకలో ఒక తలపొగరు ఉంటుంది, గొర్రెకు ఉండదు. గొర్రె ముందరున్న గొర్రె తోకను చూసి పోతుంది. మేక నాలుగడుగులు వేసి, ఆగి, పక్క పొదలో ఒక ఆకు కొరికి, నీ మొహం చూసి, మళ్ళీ పోతుంది. అది వచ్చింది ఇందులో. చెవులు మాత్రం మన మేకల మాదిరి వేలాడవు, నిలబడి ఉంటాయి, అక్కడి జాతి అది. ఒక తప్పు పట్టినా. అంత మంద ఆ బాటలో రోజూ పోతుంటే బాటంతా పెంటికలు ఉండాలి కదా? ఒక్కటి లేదు, తుడిచినట్టు ఉంది. ఇంకోటి, పీటర్ చేతిలో కట్టె ఉంది గాని దోటి లేదు. ఆ గడ్డి చూస్తే కొమ్మ కొట్టి వేసే అవసరం ఆ పిల్లోడికి రాదులే.

మందలో ఒక చిన్న తెల్ల మేకపిల్ల ఉంటుంది. హైడీ దాన్ని చూసినాక ఇక చిన్నమ్మ మాట చెవిన పడదు. చిన్నమ్మ ఆ ఊరామెతో మాటల్లో పడి ముందుకు పోతుంటుంది. పాప వెనక పడి పీటర్ వెంట, మేకల వెంట. మేకలు ఎగురుతుంటాయి, పీటర్ వట్టి కాళ్ళతో ఎగురుతుంటాడు. పాప మాత్రం ఆ మూట బట్టల్లో ఎగరలేదు. తన బూట్లు చూసుకుంటుంది, వాడి కాళ్ళు చూస్తుంది. అప్పుడు విప్పడం మొదలు పెడుతుంది. శాలువ పోయింది. బూట్లు పోయినాయి. ఒక గౌను, ఇంకో గౌను. చివరికి లోపలి తెల్ల గౌనుతో మిగిలి, చేతులు చాపి కొండ మీదికి పరుగెత్తుతుంది. అంతసేపూ వంచిన తల అప్పుడు ఎత్తుతుంది చూడండి. మా ఇంటామె బుడ్డలు ఒలిచేది ఆపేసింది ఆ చోట.

ఇది తీసినాయన పేరు ఇసావో తకహత. అప్పటికి 38 ఏండ్లు. ప్రతి భాగంలోనూ ఏ కొండ ఎక్కడ, ఏ చెట్టు ఎక్కడ, మనుషులు ఎక్కడ నిలబడాలి అని గీతలు గీసి ఇచ్చింది హయావో మియజాకి, అప్పుడు 33 ఏండ్లు. 52 భాగాలకూ ఆయన ఒక్కడే ఆ పని చేసినాడు. తర్వాత వీళ్ళిద్దరూ కలిసి ఘిబ్లీ అనే స్టూడియోలో పని చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. ఈ సీరియల్ కోసం 1973 ఎండాకాలంలో జపాన్ నుంచి స్విట్జర్లాండ్ పోయి ఆ ఊర్లు, గుడిసెలు, కొండలు కళ్ళారా చూసొచ్చినారు. టీవీ బొమ్మల కోసం ఆ రోజుల్లో అంత దూరం పోయేది అరుదు. చూడకుండా గీసిన చేను ఎట్లుంటుందో మనకు తెలుసు. మన సినిమాల్లో హీరో మడక పట్టుకునేది చూస్తాం కదా.

మనుషుల బొమ్మలు గీసినాయన యోయిచి కొతాబె. మొదట హైడీకి రెండు జడలు వేసి గీసినాడట. అక్కడి మనిషి ఒకరు చూసి, అయిదేళ్ళ పిల్ల తన జడ తాను వేసుకోలేదు, కొండ మీద ఉండే ముసలాయనకు జడ వేసే ఓపిక ఎక్కడిది అన్నారట. అందుకని పాపకు జుట్టు పొట్టిగా పెట్టినారు. ఇది మా పాప ఎక్కడో చదివి చెప్పింది. చెప్పి, "నాకూ అట్లే కదా నాన్నా, అబ్బ కత్తిరించేసినాడు" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఎందుకో చెప్తా, కొంచెం ఆగండి. ముందు ఈ కథ కొండ పైకి చేర్చాలి.

చిన్నమ్మ వెనక్కి తిరిగి చూస్తే పిల్ల ఒంటి మీద బట్టల్లేవు. తిట్ల దండకం. నవల్లో ఐతే పీటర్‌కు ఒక నాణెం ఆశ చూపించి కిందికి పరుగెత్తించి బట్టలు తెప్పిస్తుంది. పాపకు ఆ తిట్లు తగిలినట్టే ఉండదు. ఎందుకు విప్పినావంటే, అవి నాకు అవసరం లేదు అంటుంది.

పైన గుడిసె. ముందర ఒక బెంచీ, వెనక పెద్ద చెట్లు. ముసలాయన బెంచీ మీద కూర్చొని చిలుము పీలుస్తుంటాడు. తెల్ల గడ్డం, బొద్దు కనుబొమ్మలు. వాళ్ళు ఎక్కి వస్తుంటే చూస్తుంటాడు గాని లేవడు. ఆయన దగ్గర పెద్ద కుక్క ఒకటి ఉంది. నవల్లో ఈ కుక్క లేదని, బొమ్మలవాళ్ళే పెట్టినారని పాప చెప్పింది. మంచి పని చేసినారు. కుక్క లేకుండా కొండ మీద జీవాలు పెట్టుకొని ఎవరుంటారు?

ఊరంతా భయపడే ఆ మనిషి దగ్గరికి పాప నేరుగా పోతుంది. భయం లేదు. ఆయన మొహంలోకి చూస్తుంది. ఆయన కూడా చూస్తాడు. డేటే గబగబ చెప్పుకుపోతుంది, ఇన్నాళ్ళు నేను సాకినా, ఇప్పుడు మీ వంతు, నాకు పని దొరికింది అని. ఆయనకు కోపం వస్తుంది. దిగిపో, మళ్ళీ కంటికి కనపడొద్దు అన్నట్టు అరుస్తాడు. డేటే అంతకంటే వేగంగా కొండ దిగుతుంది. నవల్లో ఈ చోట ఒక మాట ఉందట: లోపలి కలత ఆమెను ఆవిరి ఇంజన్ మాదిరి తోసుకుంటూ పోయిందని. అంటే ఆగితే పోలేదు.

ఇక్కడ నేను తిట్టినా. "ఏం మనిషి ఈమె! పసిపిల్లను తెలియని ముసలోడి దగ్గర పారేసి, పని అంట పని" అని. గట్టిగానే అన్నా.

ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటామె చేటలోకి చూస్తా ఉండిపోయింది. మా పాప ఫోన్ ఆపి, "నాన్నా, మీరూ అట్లే పోయినారు కదా" అనింది. కోపంగా అనలేదు. లెక్కలో తప్పు చూపించినట్టు అనింది.

నాలుగో బోరు కూడా ఎండినాక, బుడ్డలు రెండేళ్ళు వరసగా ఎండినాక, నేనూ మా ఇంటామె బెంగళూరు పోయినాం. కట్టే బిల్డింగు దగ్గర వాచ్‌మన్ పని నాకు, ఇసుక సిమెంటు మోసే పని ఆమెకు. ఉండేది రేకుల షెడ్డు, పక్కన గుంత, ఇనుప కమ్మీలు. అట్లాంటి చోట అయిదేళ్ళ ఆడపిల్లను పెట్టుకొని ఎట్లా? మా అమ్మ అప్పటికే లేదు. మా నాయన ఒక్కడే ఊర్లో, ఇరవై మేకలతో. ఆయన ఎట్లాంటి మనిషంటే, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదిలో ఎనిమిది మేకలతోనే. అట్లాంటి ఆయన దగ్గర పాపను వదిలినాం. రెండేళ్ళు.

పోయిన రోజు, పాప దొడ్డిలో అప్పుడే పుట్టిన మేకపిల్లలతో ఆడుకుంటా ఉంది. చెప్తే ఏడుస్తుంది, ఏడిస్తే మేం పోలేం. అందుకని చెప్పకుండా బస్సెక్కినాం. డేటే అయినా నవల్లో పోయొస్తా అని ఒక మాట చెప్పి దిగింది. మేం అది కూడా చెప్పలేదు. బస్సులో మా ఇంటామె మధ్యలో దిగుతానని లేచింది, నేనే చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టినా. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి. ఆ రెండేళ్ళలో మా ఊరి తమ్ముడొకడు నాకు ఫోన్ చేసి, "అన్నా, మీ నాయనకు మతి పోతా ఉంది, సాయంత్రమైతే మేకల్ని తారురోడ్డు పక్కకే తోలతాడు, అక్కడ గడ్డిపోచ లేదు, మేకలు చిక్కిపోతున్నాయి" అన్నాడు. నేను మా నాయనకు ఫోన్ చేసి అరిచినా. కొండ వైపు తోలకుండా రోడ్డు పక్క ఏముందని, బండ్ల కింద పడితే ఎవరిది నష్టం అని. ఆయన ఊ అన్నాడు, ఇంకేం చెప్పలేదు. తోలడం మానలేదని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ఫోన్ ఆపేసినాక పాప చెప్పింది. "సాయంత్రం బెంగళూరు బస్సు వస్తుంది కదా నాన్నా. నేను రోజూ ఏడుస్తుంటే అబ్బ నన్ను భుజం మీద ఎక్కించుకొని బస్సు చూపించేదానికి తీసుకుపోయేవాడు. మేకల్ని వదిలి రాలేడు కదా, అందుకని వాటినీ తోలుకొచ్చేవాడు. బస్సు పోయినాక ఇంటికి."

తొమ్మిదేళ్ళయింది. మేం తిరిగొచ్చి, డ్రిప్పు పెట్టుకొని, చీనీ చెట్లు వేసి, ఇప్పుడు కొంచెం కుదురుకున్నాం. ఈ తొమ్మిదేళ్ళలో ఆ రెండేళ్ళు ఎట్ల గడిచినాయి పాపా అని నేను ఒక్కసారి అడగలేదు. అన్నం తిన్నావా, బడికి పోయినావా, మార్కులెన్ని, ఇవే. బాకీ ఎంత తీర్చినామో నోటి మీద చెప్తా గాని ఇది తెలియదు నాకు.

కాబట్టి డేటేను నేను తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటున్నా. అన్నీ కాదు, సగం. ఆమె నాలుగేళ్ళు సాకింది, అది చిన్న మాట కాదు. పెళ్ళి కాని పిల్ల, కూలి చేసుకుంటా అక్క కూతుర్ని సాకింది. సీరియల్‌వాళ్ళు ఆమెను రాక్షసిగా చూపించలేదు, అది నాకు నచ్చింది. తొందరలో ఉన్న మనిషిగా చూపించినారు. తొందరలో ఉన్న మనిషి పక్కన నడిచే పిల్ల మొహం చూడదు. ఆ బట్టల మూట అదే చెప్తుంది. బరువు ఎవరి మీద పడిందో ఆమె చూసుకోలేదు. మిగతా సగం తిట్లు ఉంచుకుంటా, అవి నాకూ పనికొస్తాయి.

మరుసటి రోజు మా నాయనకు చూపించినాం. ఆయనకిప్పుడు కంటి చూపు తక్కువ, ఫోన్‌ను మొహానికి దగ్గర పెట్టుకొని చూస్తాడు. పాప పక్కన కూర్చొని కథ చెప్తా ఉంది. మేకలు వచ్చినప్పుడు ఒక్కసారి "బాగుండాయి" అన్నాడు. తెల్ల పిల్లను చూసి "అది ఆడదా, మగదా" అని అడిగినాడు. పాపకు తెలియలేదు. పెంటికల సంగతి నేను చెప్తే, "బొమ్మలో అది కూడా గీస్తారా రా" అని నన్నే తిట్టినాడు. బట్టలు విప్పి పరుగెత్తేటప్పుడు ఏమీ అనలేదు, పాప చెయ్యి పట్టుకొని ఉన్నాడు. అది ముందునుంచి పట్టుకున్నాడో, అప్పుడు పట్టుకున్నాడో నేను చూడలేదు.

ముసలాయన డేటే మీద అరిచే చోట నేను అడిగినా. "నాయనా, మేం పోయిన రోజు నీకూ అంత కోపం వచ్చిందా?" అని. ఆయన చాలాసేపు పలకలేదు. వినపడలేదేమో అనుకున్నా. తర్వాత అన్నాడు, "వచ్చింది. ఎవరి మీద అరవాల? మీరు యాడ ఉండారు?"

రోడ్డు సంగతి కూడా అడుగుదామనుకున్నా. అప్పుడు ఫోన్లో అరిచినందుకు ఏమన్నా అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయినా. ఇక్కడ రాస్తున్నా. ఆయన ఫేస్‌బుక్ చూడడు, మీరెవరన్నా మా ఊరివాళ్ళు చదివి ఆయనకు చెప్తే చెప్పండి, చెప్పకపోయినా సరే.

చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. మేం చూసింది జపాన్ భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలతో. ఇంగ్లీషు చదివే పిల్లోళ్ళు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. లేకపోయినా చూడొచ్చు, మొదటి భాగంలో సగం మాటలు అవసరమే లేదు. కాని ఊరికే ఫోన్ ఇచ్చి మీరు పొలానికి పోవద్దు. పక్కనే కూర్చోండి. జీవాలున్నవాళ్ళు మేకల నడక చూసి మీ అభిప్రాయం కింద రాయండి, పెంటికల మీద నాతో ఒప్పుకునేవాళ్ళు ఎంతమందో చూద్దాం.

మొదటి భాగం అయిపోయినాక మా నాయన ఫోన్ పాప చేతికిచ్చి, "ఆ పాపకు రాత్రికి పండుకునేదానికి ఏముంది ఆడ? గుడిసెలో ఒక్క మంచమే కనపడె" అని అడిగినాడు. రెండో భాగంలో వస్తుందబ్బా, ఎండుగడ్డి మీద పక్క వేసుకుంటుంది అని పాప చెప్పింది. గడ్డి ఐతే కింద గోతాము పరచాల, లేకుంటే గుచ్చుకుంటుంది అన్నాడు ఆయన. ఈ రోజు రాత్రి రెండోది చూస్తాం. ఏడున్నరకంతా మేకలకు మేత వేసి రమ్మని నాకు ఇప్పుడే చెప్పి పోయినాడు.